బంతి కనిపించేవాడే పిలవాలి

టెలిఫోన్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏం నేర్చుకున్నారు మేడమ్?" అని మర్యాదకు అడుగుతుంటారు. క్రికెట్ నేర్చుకున్నానని చెబుతాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దావిడ పొద్దున మాత్ర వేసుకోవడం మరిచిపోయిందేమో అనుకుంటారు.

నేను చెప్పేది నిజమే. అయితే అది మైదానంలో ఆడిన క్రికెట్ కాదు. ఆఫీసులో, చెప్పులు గడప బయట విడిచి, ఏసీ గదిలో, కంప్యూటర్ల మీద ఆడింది. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారో ఇక్కడ రాయను. అవి రాస్తే నాకే నిద్రొస్తుంది. జమ్మలమడుగు ఎక్స్ఛేంజీలో మేము ఆడిన ఆట గురించి, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మనుషుల గురించి, ఒక ఆఫీసరు గురించి రాస్తాను. మీరు ఏ శాఖలో చేరినా ఇది పనికొస్తుంది.

రెండు తాళాల పెట్టె

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల వీధి వెనక సందులో ఇల్లు. చిన్నప్పటి నుంచీ నాకు ఓడిపోవడం చేతకాదు. అష్టాచెమ్మాలో ఓడితే గవ్వలు మిద్దె మీదికి విసిరేసి, మళ్లీ అవే కావాలని ఏడ్చేదాన్నట. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా మా అమ్మ ఈ సంగతి చెప్పింది. అయినా పెళ్లయింది.

నన్ను జమ్మలమడుగు ఎక్స్ఛేంజీకి ఇన్‌ఛార్జిగా వేసినప్పుడు చుట్టాలందరూ యుద్ధానికి పోతున్నదాన్ని చూసినట్టు చూశారు. ఫ్యాక్షన్ రోజులవి. బయటివాళ్లు అనుకున్నట్టు పొద్దున లేస్తే బాంబులు, సాయంత్రమైతే కత్తులు కాదు. చాలా రోజులు మామూలుగానే గడిచేవి. కానీ ఆ మామూలు రోజుల్లోనే బోలెడన్ని లెక్కలుండేవి. ఏ హోటల్లో టీ తాగాలి, ఎవరి దగ్గర గడ్డం గీయించుకోవాలి, బస్సులో ఎవరి పక్కన కూర్చోకూడదు, అన్నీ పార్టీని బట్టే. నేను ఆడదాన్ని, పైగా ప్రొద్దుటూరుదాన్ని కాబట్టి నాకు ఆ లెక్కలు వర్తించవని అందరూ ఒప్పుకున్నారు. నేను ఏ హోటల్లోనైనా టీ తాగొచ్చు. ఎక్కడా టీ బాగుండేది కాదు.

మా ఎక్స్ఛేంజీలో లైన్లు చూసే మనుషులు ఇద్దరు. గంగన్నది ఎగువ ఊరు. వాళ్లింట్లో తాతల కాలం నుంచి గొర్రెలు మేపుతారు. మైలు దూరంలో ఉన్న మందను పిలిచే గొంతు ఆయనకూ వచ్చింది. ఆఫీసులో మామూలుగా మాట్లాడినా కిటికీ అద్దాలు అదిరేవి. ఓబులేసుది దిగువ ఊరు. సన్నటి మనిషి, మోపెడ్ మీద గాలిలా పోతాడు. ఏ పని చెప్పినా ముందు "ఏంటికి మేడమ్?" అని అడుగుతాడు. స్తంభం ఎక్కమంటే ఏంటికి, దిగమంటే ఏంటికి. ఒకసారి జీతం తీసుకోమంటే కూడా అలవాటులో ఏంటికి అన్నాడు.

ఊర్ల పేర్లు రాయను. పేరు ముందు ఎవరిది రాశానని ఇప్పుడు కూడా తగువు పెట్టుకోగలరు. రెండూ ఒకే రోడ్డు మీద ఉండేవి. జమ్మలమడుగు నుంచి పోతే రోడ్డు మీద ఒక కల్వర్టు వస్తుంది. దానికి ఇవతల నుంచే ఎగువ ఊరికి చీలుదారి. కల్వర్టు దాటి నేరుగా పోతే దిగువ ఊరు. ఊర్లు మాట్లాడుకోవు కాబట్టి గంగన్న, ఓబులేసు కూడా మాట్లాడుకోరు. వాళ్ల మధ్య సొంత తగువేమీ లేదు. ఒకరి ఎద్దు ఇంకొకరి చేలో పడిందీ లేదు.

కల్వర్టుకు ఇవతల రోడ్డు పక్కన మా శాఖ పెట్టిన ఇనప పెట్టె ఒకటుండేది. రెండు ఊర్ల ఫోను తీగలూ అందులో కలుస్తాయి. మామూలుగా ఇలాంటి పెట్టెకు ఒకే తాళం ఉంటుంది. ఈ పెట్టెకు రెండు. ఒక తాళంచెవి గంగన్న దగ్గర, రెండోది ఓబులేసు దగ్గర. ఒక ఊరివాడు ఒక్కడే తెరిస్తే ఇంకో ఊరి మాటలు వింటాడని అనుమానం. నాకు ముందున్న ఆఫీసరు రెండు ఊర్ల పెద్దలనూ విడివిడిగా కలిసి చేసిన ఏర్పాటు అది. ఏ చిన్న రిపేరు వచ్చినా ఇద్దరూ పోవాలి. పోయి, మాట్లాడుకోకుండా పనిచేయాలి.

మొదటి వారంలోనే వాళ్లతో పోయి చూశాను. ఇద్దరూ పెట్టెకు చెరోపక్క గొంతుక్కూర్చున్నారు. మోకాళ్లు తగులుకుంటున్నాయి.

"మేడమ్, ఆయప్పను ఆ కటింగ్ ప్లేయరు ఇమ్మనండి."

"మేడమ్, ఆయప్ప కాలికిందే ఉండాదని చెప్పండి."

కటింగ్ ప్లేయరు నాకు జానెడు దూరంలో ఉంది. ఇంజనీరింగ్ చదివి నేను చేసిన మొదటి ఉద్యోగం ఇదన్నమాట, వాళ్ల మాటలు ఇటునుంచి అటు మోయడం.

కువైట్ నుంచి వచ్చిన ఆట

ఎక్స్ఛేంజీకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. రెండింటినీ కలిపే తీగ కూడా వేశారు. యంత్రాలకు దుమ్ము పడకూడదని, వేడి తగలకూడదని ఏసీ గది కట్టారు. ఎండాకాలంలో జమ్మలమడుగు మొత్తానికి చల్లగా ఉన్న గది మాదేనేమో. ఎవరికీ ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

మా టెక్నీషియన్ మహబూబ్ బాషాది కూడా ప్రొద్దుటూరే. ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. వాళ్లన్న కువైట్‌లో పనిచేస్తాడు. సెలవుల్లో వచ్చినప్పుడు తమ్ముడికి సెంటు సీసా, దుప్పటి, ఒక క్రికెట్ ఆట సీడీ తెచ్చాడు. సెంటు ఎవరూ అడగలేదు.

ఆ ఆటలో రెండు కంప్యూటర్ల మీద రెండు జట్లు ఆడొచ్చు. ఒక్కో జట్టుకు ఇద్దరు మనుషులు. ఇద్దరికీ కలిపి ఒకటే కీబోర్డు. ఒకరు కుడివైపు మీటలు నొక్కాలి, ఒకరు ఎడమవైపు. బ్యాటింగ్ చేసేటప్పుడు క్రీజులో ఉన్న ఇద్దరు బ్యాట్స్‌మన్లను చెరొకరు నడపాలి. పరుగు తీయాలంటే ఇద్దరూ నొక్కాలి. ఒకడు నొక్కి ఇంకొకడు నొక్కకపోతే పిచ్ మధ్యలో ఒంటరిగా నిలబడి ఔటవుతాడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

డ్యూటీ అయిపోయాక, ఫిర్యాదులన్నీ తీరాకే ఆట. ఇది నేను పెట్టిన నియమం. దాంతో మా ఎక్స్ఛేంజీలో ఫోన్లు ఎంత తొందరగా బాగయ్యేవంటే, జనం ఆశ్చర్యపోయి మళ్లీ ఫోను చేసి అడిగేవాళ్లు.

మొదటి రోజు గంగన్న బాషా ఒక జట్టు, ఓబులేసు నేను ఒక జట్టు. మొదలుపెట్టకముందే తగువు వచ్చింది. తెర మీద ఆటగాళ్ల చొక్కాలు రంగురంగులవి. మాకు పడిన రంగు చూసి ఓబులేసు కుర్చీలోంచి లేచాడు.

"ఆ రంగు నేను ఏసుకోను మేడమ్."

"నువ్వెక్కడ వేసుకుంటున్నావు నాయనా? బొమ్మ వేసుకుంటుంది."

"బొమ్మయినా సరే. అది వాళ్ల పార్టీ రంగు. మా ఊర్లో తెలిస్తే నన్ను బతకనిస్తారా?"

ఇంకో రంగు మారిస్తే అది తమకు గిట్టనిదని గంగన్న లేచాడు. చివరికి బాషా వెతికి వెతికి, టెస్టు మ్యాచ్ పెట్టాడు. అందరికీ తెల్ల బట్టలే. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఎంత చిన్న మ్యాచ్ అయినా తెల్ల బట్టల్లోనే ఆడాం.

ఆ మ్యాచ్‌లో గంగన్న జట్టు గెలిచింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ సంగతి అలా ఉంచండి. మర్నాడు పొద్దున నేను బస్సు దిగేసరికి ఎక్స్ఛేంజీ ముందు దిగువ ఊరి మనుషులు నలుగురైదుగురు నిలబడున్నారు. లైన్లు పోయాయేమో అనుకున్నాను.

"లైన్లు బాగుండాయమ్మా. నిన్న మా ఊరు ఓడిపోయిందంటనే? ఎగువూర్లో టపాకాయలు కాల్చినారు. మళ్లీ ఆడిపించాల."

"ఊర్లు ఆడలేదప్పా, మా ఓబులేసు ఆడాడు."

"వాడేమన్నా ఆకాశంలోంచి ఊడిపడినాడామ్మా? మా ఊరోడే కదా."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఈ ఊరికి ఒక గెలుపు, ఆ ఊరికి ఒక గెలుపు అంటూ పోతే ఎక్కడ ఆగుతుంది? ఆట మానేయొచ్చు. కానీ అప్పటికే నేను ఓడిపోయి ఉన్నాను, మానేసే ప్రశ్నే లేదు. అందుకని ఇన్‌ఛార్జి హోదాలో నోటిమాటగా ఒక ఆర్డరు వేశాను. ఈ రోజు నుంచి గంగన్న, ఓబులేసు ఒకే జట్టు. బాషా, నేను ఇంకో జట్టు. వాళ్లు గెలిస్తే రెండు ఊర్లూ గెలిచినట్టు, ఓడితే రెండూ ఓడినట్టు.

"ఏంటికి మేడమ్?" అన్నాడు ఓబులేసు.

"ప్రొద్దుటూరు మిమ్మల్ని ఇద్దరినీ కలిపి ఓడించాలని" అన్నాను.

ఆ మాటకు ఇద్దరికీ రోషం వచ్చింది. వాళ్ల జీవితంలో ఇద్దరికీ ఒకేసారి ఒకే మనిషి మీద కోపం రావడం అదే మొదలనుకుంటాను.

బాషా మోసిన మాటలు

కోపం వచ్చింది కానీ మాట రాలేదు. ఒకే కీబోర్డు ముందు మోచేతులు రాసుకుంటూ కూర్చుని కూడా మాట్లాడుకోలేదు. మరి పరుగు తీయాలా వద్దా అని చెప్పడం ఎలా? పెట్టె దగ్గర నేను ఎలా మోశానో ఇక్కడ బాషాను అలా మోయమన్నారు. బాషా ఎదుటి జట్టువాడు. బంతి వేస్తున్నదే బాషా.

"బాషా, పరుగు వద్దని ఆయప్పకు చెప్పు."

బాషా తీరిగ్గా కుర్చీ తిప్పేవాడు. "ఓబులేసన్నా, గంగన్న ఏమంటాండాడంటే, తన అభిప్రాయం ప్రకారం ఈ బంతికి పరుగు తీసేది అంత మంచిది కాదంట." ఈలోపు ఓబులేసు బొమ్మ సగం దూరం పరుగెత్తి, గంగన్న బొమ్మ కదలకపోవడం చూసి, వెనక్కి తిరిగేసరికి వికెట్లు పడిపోయుండేవి. నేను కుర్చీలో కూర్చోలేక నేల మీద కూర్చుని నవ్వేదాన్ని. వాళ్ల పదిమందిలో సగం మంది రనౌట్లే. ఇంతకంటే సులువుగా నేను ఎప్పుడూ ఏదీ గెలవలేదు.

కొన్ని వారాలు ఇలాగే సాగింది. ఒకరోజు వాళ్లకు గెలవడానికి రెండే పరుగులు కావాలి. ఆఖరి జంట. ఓబులేసు బంతిని మెల్లగా తోసి గుడ్డిగా పరుగు మొదలుపెట్టాడు. బంతి నా ఫీల్డరు చేతిలోకే వస్తోంది. గంగన్న "బాషా" అని మొదలుపెట్టాడు. మధ్యలో ఆపేశాడు. ఒక్కసారి ఓబులేసు వైపు తిరిగి, మంద మొత్తం వెనక్కి తిరిగేంత గొంతుతో అరిచాడు.

"యాడికి పోతాండావురా! నో! ఎనిక్కి!"

ఓబులేసు అదిరిపడి వెనక్కి మీట నొక్కాడు. బొమ్మ క్రీజులోకి పడింది. బతికిపోయాడు. గంగన్న తను చేసిన పనికి తనే బిత్తరపోయి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఓబులేసు తెర వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అంత గెట్టిగా ఏంటికి? పక్కనే కదా ఉండా."

ఆ తర్వాతి బంతికే రెండు పరుగులు తీసి మమ్మల్ని ఓడించారు. నేను ఓడిపోయి సంతోషపడిన రోజు నా జీవితంలో అదొక్కటే. మళ్లీ మర్నాటి నుంచి మామూలే, ఓడితే ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

ఒక మాట చెబుతాను. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో పనివాళ్లను కలపాలని రిసార్టులకు తీసుకెళ్లి బెలూన్లు ఊదిస్తున్నారట. బెలూను ఊదితే మనుషులు కలవరు. ఒకడి తొందర వల్ల ఇంకొకడు ఔటయ్యే పని ఏదైనా ఇద్దరికీ కలిపి ఇవ్వండి. తిట్టుకుంటారు. తిట్టుకోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా.

రావు గారి సూత్రం

మా పై ఆఫీసరు రావు గారు ప్రొద్దుటూరులో కూర్చునేవారు. కోస్తా మనిషి. ప్రతి మాటకూ అండీ తగిలిస్తారు. మా మాట ఆయనకు మొరటుగా ఉండేది. ఓబులేసు ఫోన్లో "ఏంది సార్?" అంటే, తన మీదికి తగువుకు వస్తున్నాడని ఏడాది పాటు అనుకున్నారు. మనిషి చెడ్డవారు కాదు కానీ సంతకం పెట్టాలంటే వణుకు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక ఖాళీగా ఉన్న వైపు కూడా చదివేవారు.

ఒక సాయంత్రం చెప్పకుండా తనిఖీకి వచ్చారు. గడప బయట మా చెప్పులున్నాయి. లోపలి నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకే కీబోర్డు మీద పడి నన్ను ఓడిస్తున్నాయి.

"ఏమిటండీ ఇది?"

"రెండు కంప్యూటర్ల మధ్య తీగ సరిగా పనిచేస్తోందో లేదో చూస్తున్నాం సార్" అన్నాను. అబద్ధం కాదు. చాలా బాగా పనిచేస్తోంది.

ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. గంగన్న, ఓబులేసు పిచ్ మధ్యలో ఇద్దరూ "రా!", "వద్దు!" అని ఒకేసారి అరుచుకున్నారు. గంగన్న రనౌటయ్యాడు. రావు గారు తల పట్టుకున్నారు.

"అలా కాదండీ! ఇద్దరూ పిలిస్తే ఎలా? కాలేజీలో నేను ఆడినవాణ్ణి కదా, వినండి. బంతి ఎవరికి కనిపిస్తుందో వాడే పిలవాలి. వెనకాల పోయిన బంతి కొట్టినవాడికి కనిపించదు, అవతలివాడికి కనిపిస్తుంది. అప్పుడు అవతలివాడు పిలవాలి. కనిపించనివాడు ప్రశ్న వేయకూడదు. రమ్మంటే రావాలి, వద్దంటే ఆగాలి. ఎందుకూ ఏమిటీ అని తర్వాత అడగండి, ముందు క్రీజులో పడండి."

"ఏంటికి అని అడగొద్దా సార్?" అన్నాడు ఓబులేసు దిగులుగా.

"అస్సలు అడగకూడదండీ."

ఓబులేసుకు అది ఆస్తి రాసిమ్మన్నంత కష్టమైంది. కానీ నేర్చుకున్నాడు. బంతి తన వెనక్కి పోతే గంగన్న గొంతు కోసం చూసేవాడు. ఆ గొంతు ఏమంటే అది చేసేవాడు. అప్పటి నుంచి వాళ్లను ఓడించడం మా వల్ల కాలేదు. రావు గారు నెలకోసారి తనిఖీ అని వచ్చి అంపైరుగా కూర్చునేవారు. మా ఎక్స్ఛేంజీని ఆయన తనిఖీ చేసినన్నిసార్లు ఇంకే ఎక్స్ఛేంజీనీ చేయలేదు.

పెట్టె దగ్గర కూడా మార్పు వచ్చింది. రోడ్డు మీద ఎవరైనా పోతుంటే పాత పద్ధతిలో, ఎటో చూస్తూ పనిచేసేవాళ్లు. మనుషులు లేనప్పుడు మాట్లాడుకునేవాళ్లు. ఒకరోజు ఓబులేసు "మామా, ఆ ప్లేయరు ఇట్లియ్యి" అన్నాడు. నేను పక్కనే ఉండి విననట్టు నటించాను. అంత కష్టమైన పని మా ఉద్యోగంలో ఇంకోటి లేదు. ఒకటే నవ్వొస్తోంది.

ఆ పొద్దు

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఊర్లు బిగుసుకున్నాయి. ఒక పొద్దున నేను వచ్చేసరికి గంగన్న లైన్లు పరీక్షించే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద వాళ్ల ఊరి మనిషి, గంగన్నకు వరసకు తమ్ముడు.

"జరం మేడమ్. ఈ పొద్దు లైన్ల మీదికి పోలేను."

"జ్వరమైతే ఇంటికి పో నాయనా."

పోలేదు. తమ్ముడూ కదల్లేదు. టీ తాగుతూ, గంగన్న చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. కాపలా ఉన్నట్టుంది అనుకున్నాను కానీ దేనికో అర్థం కాలేదు.

కాసేపటికి బల్ల మీద ఫోను మోగింది. నేనే తీశాను. ఓబులేసు. కల్వర్టుకు ఇవతలున్న స్తంభం ఎక్కి, లైన్లు పరీక్షించే ఫోను తీగకు తగిలించి మాట్లాడుతున్నాడు.

"మేడమ్, మా ఊరి ఫోన్లన్నీ సచ్చిపోయినాయి. రాత్రి జమ్మలమడుగులోనే పండుకున్నా, ఇంటికి ఫోను పోకపోతే నేరుగా ఈడికొచ్చినా. గంగన్నను తాళంచెవి తీసుకోని రమ్మనండి."

"గంగన్నకు జ్వరమంట."

"అట్లయితే నేనే కల్వర్టు దాటి, తీగ యాడ తెగిందో సూసుకుంటా పోతా."

ఇటు మాట అటు చెప్పడం నాకు పాత అలవాటే. "ఓబులేసు ఒక్కడే కల్వర్టు దాటి పోతాడంట" అన్నాను గంగన్న వైపు వంగి, మెల్లగా.

గంగన్న లేచాడు. నా చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు.

"నో! ఎనిక్కి!"

అంతే. రిసీవరు పెట్టేశాడు. అద్దాలు ఇంకా అదురుతున్నాయి.

"ఎవురితోప్పా?" అన్నాడు తమ్ముడు.

"ఆటప్పా. సాయంత్రం మ్యాచ్ ఉండాది, దాని సంగతి."

"జరమొచ్చినా ఇడ్సవా ఈ పిచ్చి?" అని తమ్ముడు నవ్వాడు. గంగన్న కూడా నవ్వాడు. నవ్వుతూ నా వైపు చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు.

ఏమైందని నేను అడగలేదు. బంతి ఆయనకు కనిపిస్తోంది, నాకు కనిపించడం లేదు. టీ చెప్పొస్తానని లేచి, ఏసీ గదిలోకి పోయి, తలుపు వేసి, పోలీస్ స్టేషన్‌కు ఫోను చేశాను. కల్వర్టు అవతల తీగలు తెంచారు, వెంటనే పోండి అన్నాను. తీగలు తెంచితే మేమెందుకమ్మా అన్నారు. ఎన్నికల ముందు ఒక ఊరికి ఫోన్లు లేకుండా ఎవరు చేస్తారో మీకు నేను చెప్పాలా అని అరిచాను. నా కోపం ఉద్యోగానికి పనికొచ్చిన రోజు అది.

తర్వాత ఓబులేసు కోసం చూస్తూ కూర్చున్నాను. అంత సేపు నేను ఎప్పుడూ ఎవరి కోసమూ చూడలేదు. వాడు ఏంటికి అని ఆలోచిస్తూ కల్వర్టు మీద నిలబడి ఉంటాడా? ఒక్క పరుగే కదా అని దాటేసి ఉంటాడా? గంగన్న తెర లేని గోడ వైపు చూస్తున్నాడు.

మోపెడ్ చప్పుడు వినిపించింది. ఓబులేసు గడపలోకి వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. తమ్ముణ్ణి చూశాడు, గంగన్నను చూశాడు. నాతో అన్నాడు.

"పెట్రోలు అయిపోయింది మేడమ్. ఎనిక్కి వచ్చేసినా."

పెట్రోలు అయిపోయిన బండి మీద ఎలా వచ్చావని తమ్ముడు అడగలేదు. నేను గబగబా లోపలికి పోయి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

పోలీసులు పోయేసరికి కల్వర్టు అవతల పత్తి చేలో ఉన్న మనుషులు పారిపోయారు. బాంబుల సంచి వదిలేసి పోయారు. ఆ ఎన్నికల్లో ఆ రోడ్డు మీద ఎవరి ప్రాణమూ పోలేదు.

పులివెందుల నుంచి పిలుపు

పోలీసులకు సంగతి ఎలా తెలిసిందని ఎగువ ఊర్లో గుసగుసలు మొదలయ్యాయి. గంగన్న నోరు విప్పలేదు. నేనూ అడగలేదు. కానీ ఆయన టీ తాగే హోటల్లో టీ పోసేవాడు కూడా మొహం తిప్పుకోవడం చూశాను. అది చూసిన మధ్యాహ్నమే రావు గారికి ఫోను చేశాను.

"గంగన్నను పులివెందులకు వేయండి సార్. ఈ రోజే."

"ఈ రోజేనా? ఎందుకండీ? కారణం రాయాలి కదండీ."

"సార్, బంతి నాకు కనిపిస్తోంది."

ఆయనకు వెనక వైపు చదవడానికి కాగితం కూడా లేదు పాపం. "సరేనండీ" అన్నారు. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. భయస్తుడైన ఆఫీసరు ఒక్కసారి ధైర్యం చేస్తే అది చాలామంది ధైర్యస్తుల కంటే ఎక్కువ. మీకు అలాంటి ఆఫీసరు దొరికితే ఎగతాళి చేయకండి.

గంగన్న పెళ్లాం పిల్లలతో పులివెందులలో కాపురం పెట్టాడు. ఊరికి పోవడం తగ్గించుకున్నాడు. ఆట ఆగిపోతుందనుకున్నాం. కానీ ఊర్లకు ఊర్లను కలిపేదే మా ఉద్యోగం కదా! బాషా ఎడమ మీటలు అక్కడ, కుడి మీటలు ఇక్కడ పనిచేసేలా ఆటను సర్ది, రెండు వైపులా మోడెమ్‌లు పెట్టాడు. అది కీచుమని అరిచి, బుసకొట్టి, చివరికి కలిసేది. పులివెందులలో గంగన్న, జమ్మలమడుగులో ఓబులేసు, మళ్లీ ఒకే జట్టు. మోడెమ్‌కు ఒక లైను, చెవికి ఒక లైను. ఓబులేసు రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆడేవాడు. అవతలి నుంచి "నో! ఎనిక్కి!" అని వినిపిస్తే రిసీవరు ఎగిరి కింద పడేది. ఆ గొంతుకు మోడెమ్ కూడా అవసరం లేదని, కిటికీ తెరిస్తే చాలని బాషా అనేవాడు.

నేను ఉద్యోగం దిగిపోయిన రోజు ప్రొద్దుటూరులో భోజనాలు పెట్టాను. రావు గారు అంతకుముందే రిటైరై వెళ్లిపోయారు, అయినా అంత దూరం నుంచి వచ్చారు. గంగన్నకు జుట్టు నెరిసింది. ఓబులేసుకు పొట్ట వచ్చింది. ఇద్దరూ ఒకే బంతిలో, పక్కపక్క ఆకుల ముందు కూర్చున్నారు. ఏళ్లుగా మనసులో పెట్టుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఓబులేసూ, జీతం తీసుకోమన్నా ఏంటికి అన్నోడివి. ఆ పొద్దు కల్వర్టు దగ్గర ఒక్కమాటైనా ఏంటికి అని ఎందుకు అడగలేదు?"

ఓబులేసు అన్నం కలపడం ఆపాడు.

"ఆ గొంతు నన్ను ఒక్కసారి గూడా రనౌట్ చెయ్యలే మేడమ్."

రావు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. గంగన్న తల వంచుకుని పప్పు వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత తలెత్తి ఓబులేసు వైపు తిరిగాడు.

"నువ్వు నన్ను శానాసార్లు చేసినావు."

"ఎప్పుడు మామా?"

"ఎప్పుడా? పులివెందలకు పోయినాక మొదటి మ్యాచ్‌లో పిలిచింది ఎవురు? రా రా అని పిలిచి, మధ్యలో నన్నిడ్సి నువ్వు ఎనిక్కి పోలేదా?"

"అది మోడెమ్ తప్పు!"

"మోడెమ్ గాదు, నీ తప్పు!"

ఇద్దరూ ఆకుల మీదుగా ఒకరి మీదికి ఒకరు వంగి అరుచుకుంటున్నారు. వడ్డించేవాళ్లు భయపడి నా వైపు చూశారు. మధ్యలో ఎవరైనా పోయి మాట చెప్పాలా అని కళ్లతోనే అడిగారు. అక్కర్లేదని చెప్పి, నేను అన్నం తినడం మొదలుపెట్టాను.